డెస్క్‌టాప్ ఉన్నట్టుండి హ్యాంగ్: మౌస్ కదలదు, క్యాప్స్ లాక్ లైటు మారదు, విండోస్ చిట్టా ఈవెంట్ వ్యూయర్‌లో 41 నంబరు రికార్డు తప్ప ఏమీ లేదు

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. ముందు కాన్ఫిగరేషన్ చెబుతాను. రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్‌లు రెండు (ఒకటి మొదటినుంచీ ఉన్నది, రెండోది తర్వాత కొన్నది, వేరే కంపెనీ), 500 జీబీ శాటా ఎస్ఎస్‌డీ, పాత 1 టీబీ హార్డ్ డిస్క్, జీటీఎక్స్ 1650, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె). విండోస్ 11.

గేమ్ ఎంతసేపు ఆడినా ఏమీ కాదు. పీడీఎఫ్ తెరిచి చదువుకుంటుంటేనో, వీడియో పాజ్ చేసి లేచి వెళ్తేనో ఆగిపోతుంది. తెరమీద బొమ్మ అలాగే ఉంటుంది, కింద గడియారం కదలదు, మౌస్ కదలదు. పాట వినిపిస్తుంటే ఒకటే జుయ్‌మనే మోత. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం తప్ప దారి లేదు. బ్లూ స్క్రీన్ ఒక్కసారి కూడా రాలేదు. షాపులో ఇస్తే ఫార్మాట్ చేసి ఇచ్చారు, మళ్ళీ అదే. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నారు. డబ్బు పెట్టేముందు ఏమేం చూసుకోవాలో చెప్పండి.

పాలమూరు99

షాపోళ్ళు ఫార్మాట్ సరిగ్గ కొట్టలేదేమో అన్నా. పార్టిషన్లు మొత్తం లేపేసి పెన్‌డ్రైవ్‌తోటి కొత్తగ విండోస్ ఎక్కించు. డ్రైవర్లన్నీ ఒక్కసారే అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్లు ఉంటయి గదా, గవి ఒకటి వెయ్యి.

టంకం

ఫార్మాట్ ఇప్పుడే వద్దు. ఒకసారి చేశాక కూడా అదే తీరుగా ఆగుతోంది, పైగా క్యాప్స్ లాక్ లైటు కూడా మారడం లేదంటున్నారు. అలాంటప్పుడు విండోస్ మీద అనుమానం చివరికి పెట్టుకోవాలి. అన్ని డ్రైవర్లూ తనే వెతికి వేసే సాఫ్ట్‌వేర్లు అసలే వద్దు. అవి వేరే మోడల్ చిప్‌సెట్ డ్రైవర్ ఎక్కించేస్తే ఉన్న సమస్యకు ఇంకోటి తోడవుతుంది, ఏది దేనివల్లో తేలదు. చిప్‌సెట్ డ్రైవర్ ఏఎండీ సైటు నుంచి, గ్రాఫిక్స్ డ్రైవర్ ఎన్విడియా సైటు నుంచి, ల్యాన్, ఆడియో బోర్డు కంపెనీ సైటు నుంచి. అంతే.

హ్యాంగ్ అనే మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. ఆగిన క్షణంలో ఏది చచ్చింది, ఏది ఇంకా బతికుంది అన్నది ముందు తేల్చుకోవాలి.

మౌస్ బాణం హాయిగా కదులుతూ, క్లిక్ చేసినదేదీ తెరుచుకోకుండా, అర నిమిషమో నిమిషమో ఆగి మళ్ళీ తనంతట తనే కోలుకుంటే అది దాదాపు ఎప్పుడూ స్టోరేజీ సమస్యే.

బొమ్మ ఆగిపోయినా పాట ఆగకుండా వస్తూ, క్యాప్స్ లాక్ లైటు మారుతుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. ఒక బీప్ వచ్చి తెర ఒక్కసారి ఆరి వెలిగితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అయినట్టు. ఈవెంట్ వ్యూయర్‌లో డిస్‌ప్లే పేరుతో 4101 ఉందేమో చూడండి.

ఏదీ కదలక, లైటు మారక, శబ్దం ఒకేచోట చిక్కుకుంటే అది పూర్తి హ్యాంగ్. ర్యామ్, ప్రాసెసర్ సెట్టింగులు, కరెంటు సరఫరా, బోర్డు, అప్పుడప్పుడూ పీసీఐఈ స్లాట్‌లో ఉన్న కార్డు. మీది ఈ కోవలోనిదే.

ఇప్పుడు 41 సంగతి. కెర్నల్-పవర్ 41 అనేది కారణం కాదు, కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే చెప్పే రికార్డు. దాన్ని తెరిచి వివరాల ట్యాబ్‌లో రెండు విలువలు చూడండి. బగ్‌చెక్‌కోడ్ సున్నా కాకపోతే లోపల బ్లూ స్క్రీన్ పడినట్టు. పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ సున్నా కాకపోతే మీరు బటన్ నొక్కిపట్టి ఆపినట్టు. రెండూ సున్నా అయితే కరెంటు తెగినట్టో, ఎస్‌ఎంపీఎస్ ఆగినట్టో, ఏదీ రాయలేనంతగా పూర్తి హ్యాంగ్ అయినట్టో అనుకోవాలి. అదే సమయానికి అటూఇటూ డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో 17, 18, 19 (హార్డ్‌వేర్ ఎర్రర్లు) ఉన్నాయేమో, స్టోర్ఏహెచ్‌సీఐ పేరుతో 129 (డిస్క్ బదులివ్వక రీసెట్ చేసినట్టు), డిస్క్ పేరుతో 7, 51, 153 (చదవడం, రాయడంలో లోపాలు) ఉన్నాయేమో చూసి ఇక్కడ పెట్టండి.

గోదారిగట్టు

చూశానండీ. బగ్‌చెక్‌కోడ్ 0. పవర్‌బటన్‌టైమ్‌స్టాంప్ దగ్గర పొడవాటి అంకె ఉంది. డబ్ల్యూహెచ్ఈఏ ఒక్కటీ లేదు, 129 లేదు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ గుడ్ అనే చూపిస్తోంది. హార్డ్ డిస్క్‌లో చెడ్డ సెక్టార్ల లెక్కలు 05, సీ5, సీ6 అన్నీ సున్నా, సీ7 మాత్రం 12. నాలుగు కీలు నొక్కినా ఏమీ కాలేదు.

వోల్ట్‌మీటర్

కరెంటు సంగతి ఒకటి అడగాలి. కంప్యూటర్ ఇన్వర్టర్ మీద ఉందా, విడిగా యూపీఎస్ ఉందా? ఎర్తింగ్ ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయాక 16 మిల్లీసెకన్ల దాకా తట్టుకోవాలి. ఇళ్ళల్లో ఇన్వర్టర్‌కి వెనక ఒక స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, ఈకో మోడ్ అని. ఈకోలో ఉంటే లైన్ నుంచి బ్యాటరీకి మారడానికి చాలా యంత్రాల్లో 30, 40 మిల్లీసెకన్లు పట్టవచ్చు. ఫ్యానూ లైటూ ఏమీ అనవు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. అందుకే స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మీది రీస్టార్ట్ కాదు, హ్యాంగ్ కాబట్టి ఇదే కారణం అనను. కానీ వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉండే ఊళ్ళో ఇది సరిచూడకుండా మిగతా పరీక్షలు చేస్తే ఫలితాలు నమ్మలేం.

ఎర్త్ లేకపోతే క్యాబినెట్ ముట్టుకున్నప్పుడు జిల్లుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకూ బాడీకీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఒకటి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు బాడీ మీద సగం వోల్టేజీ, అంటే 115 దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువే గానీ యూఎస్‌బీ పరికరాలు ఊడిపోయి మళ్ళీ తగులుకోవడం, స్పీకర్లో గుయ్‌మనే మోత దీనివల్ల రావచ్చు. మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్ళయితే సాకెట్లో ఫేజు-న్యూట్రల్ ఎంతో, ఫేజు-ఎర్త్ కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టులు దాటకూడదు. తెలియకపోతే సాకెట్లో కడ్డీలు పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులో మూడో తీగ లేకుండా రెండు తీగలతో అమ్మేవి ఉంటాయి, అది కూడా విప్పి చూపించండి.

గోదారిగట్టు

600 వీఏ యూపీఎస్ ఉంది సార్, ఇన్వర్టర్ లైను వేరు. ఎర్త్ చూపించాను, 228కి 227 వచ్చింది. క్యాబినెట్ జిల్లుమనదు.

ఓరుగల్లు_హార్డ్‌వేర్

అయితే కరెంటు పక్కకు పెట్టున్రి. వేరే వేరే కంపెనీల ర్యామ్‌లు రెండు, ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతోటి నడిపే బోర్డు సెట్టింగు) ఆన్ ఉంటది, గదే మొదటి అనుమానం. పెట్టె ఇప్పిన్రంటే ముందుగాల ఈ పనులు చెయ్యున్రి.

కేబులు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టాలె. ర్యామ్‌లు తీసి బంగారు రంగు కాళ్ళు సూడాలె. మన దగ్గర అందరు రబ్బరుతోటి రుద్దుతరు. తెల్ల మెత్త రబ్బరుతోటి మెల్లగ అయితే పర్వాలేదు గని, ఇంకు చెరిపే గరుకు రబ్బరుతోటి రుద్దితే పూత లేస్తది. రబ్బరు పొడి స్లాట్ల పడొద్దు. అన్నిటికన్న మంచిది ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 99 శాతంది, మెత్తటి గుడ్డకు అద్ది ఒకే దిక్కుకు తుడవాలె. ఆరినంక పెట్టాలె.

నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ నుంచి లెక్క పెడితే రెండోది, నాలుగోది. ఏ2, బీ2 అని బోర్డు మీద రాసి ఉంటది. రెండు దిక్కుల లాచ్ టక్కుమని పడాలె. ఒక దిక్కే లాచ్ ఉన్న బోర్డులల్ల ఇంకో కొస సగం లేచి ఉన్నా తెల్వది, ఏలుతోటి తడిమి సూడాలె.

24 పిన్నులది, ప్రాసెసర్ పక్కన 8 పిన్నులది పీకి, లోపల ఏ పిన్నన్న గోధుమరంగుకు తిరిగిందా సూసి మళ్ళ గట్టిగ పెట్టాలె. కూలర్ల దుమ్ము బ్లోయర్‌తోటి కొడ్తె ఫ్యాన్‌ను ఏలుతోటి పట్టుకొని కొట్టాలె, గిర్రున తిప్పనియ్యొద్దు, బేరింగ్ పోతది.

టంకం

ర్యామ్ పరీక్ష ఎలా చేయాలో నేను రాస్తాను, ఇందులోనే ఎక్కువమంది తొందరపడి తప్పుదారి పడతారు.

మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దానితో బూట్ చేయండి. నాలుగు పాస్‌లు నడుస్తుంది. 16 జీబీకి గంటల పని, రాత్రి పెట్టి పడుకోండి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ చాలా ఎర్రర్లు పట్టుకోలేదు, అది శుభ్రంగా ఉందంటే నమ్మకండి.

మొదటి రాత్రి రెండు ర్యామ్‌లూ, ఎక్స్ఎంపీ ఆన్, ఇప్పుడున్నది ఉన్నట్టు. ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే. పదమూడో పరీక్ష, హ్యామర్ టెస్ట్‌లో మాత్రమే వచ్చినవాటికి అంత ప్రాధాన్యం ఇవ్వక్కర్లేదు.

ఎర్రర్ వస్తే ఒక్కొక్క ర్యామ్‌నూ విడిగా, ఒకే స్లాట్‌లో, ఏ2లో పెట్టి చూడండి. రెండూ విడివిడిగా బాగుండి కలిపితే ఎర్రర్ వస్తే ర్యామ్ పాడైనట్టు కాదు, జత కుదరనట్టు. ఎక్స్ఎంపీలో రాసి ఉండే 3200 అన్న వేగం ఆ ఒక్క ర్యామ్‌కి కంపెనీ ఇచ్చిన భరోసా, పక్కన ఇంకో కంపెనీది ఉన్నా నడుస్తానని ఎవరూ ఇవ్వలేదు. లోపలి చిప్‌లు వేరు, చిప్‌ల అమరికలో ఒకటి సింగిల్ ర్యాంక్, ఇంకోటి డ్యూయల్ ర్యాంక్ కావచ్చు, టైమింగులు ఒకదానివే రెండింటికీ పెడుతుంది బోర్డు. 3600 లోపలి మెమరీ కంట్రోలర్‌కు రెండు ర్యామ్‌లతో 3200 దాకా ఏఎండీ హామీ ఉంది, నాలుగు పెడితే ర్యాంకును బట్టి 2933కో 2667కో దిగుతుంది. కాబట్టి కంట్రోలర్ తప్పు కాకపోవచ్చు.

అప్పుడు చేయాల్సింది, ఎక్స్ఎంపీ ఆన్‌లోనే ఉంచి వేగం మాత్రం 2933కి దించడం. అదీ నిలవకపోతే ఎక్స్ఎంపీ ఆఫ్. మార్చిన ప్రతిసారీ మళ్ళీ పరీక్ష. ఒకేసారి రెండు మార్పులు చేయవద్దు. వేగం దించి, బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్చి, కేబుల్ మార్చి, తర్వాత బాగుందంటే ఏది నయం చేసిందో మీకు ఎప్పటికీ తెలియదు. మళ్ళీ వచ్చినరోజు మొదటినుంచి మొదలుపెట్టాలి.

లైనక్స్‌లచ్చి

మెమ్‌టెస్ట్ రాత్రిళ్ళు నడుస్తుంది కాబట్టి, పగలు ఖాళీ ఉంటే ఇంకో పరీక్ష. ఉబుంటుని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే ఎంపికతో బూట్ చేయండి. ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండింటి శాటా కేబుళ్ళూ పీకేసి మరీ చేయొచ్చు. బ్రౌజర్ తెరిచి ఒక పేజీ పెట్టి వదిలేయండి. అక్కడా ఆగిపోతే విండోస్, దాని డ్రైవర్లు, డిస్కులు మూడూ ఒక్క దెబ్బతో నిర్దోషులు.

చాలామంది బయోస్ స్క్రీన్‌లో రాత్రంతా వదిలేసి, ఆగలేదు కాబట్టి హార్డ్‌వేర్ బాగుంది అంటారు. అది తప్పు లెక్క. బయోస్ తెర దగ్గర ప్రాసెసర్ సాధారణంగా లోతైన నిద్ర స్థితుల్లోకి వెళ్ళదు. మెమ్‌టెస్ట్‌లోనూ అంతే, ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. గోదారిగట్టు గారి కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే ఆగుతోంది. ఆ స్థితి ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తూ పని లేకుండా ఉన్నప్పుడే వస్తుంది.

అక్షరపటం

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా డీటీపీ సెంటర్‌లో ఒక పాత ఐ3 ఉంది, పేజ్‌మేకర్, అను ఫాంట్లు దాంట్లోనే. ఫైలు సేవ్ చేసినప్పుడు అర నిమిషం బిగుసుకుపోయి తర్వాత వస్తుంది. మౌస్ కదులుతూనే ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 129 బోలెడు ఉన్నాయి. ఎస్ఎస్‌డీ ఒకటి, ఫైళ్ళుండే హార్డ్ డిస్క్ ఒకటి. హార్డ్ డిస్క్‌లో సీ5 విలువ 8, సీ7 విలువ 340.

టంకం

మేడమ్, మీది పూర్తిగా వేరే జబ్బు. మొదటి పని, ఫైళ్ళు ఈరోజే ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసేయండి. అది అయ్యేదాకా చెక్‌డిస్క్ నడపవద్దు, డీఫ్రాగ్ వద్దు. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క. పోయే డిస్క్ మీద చెక్‌డిస్క్ నడిపితే గంటల తరబడి దాన్ని అక్కడే గీకుతుంది, ఉన్నదీ పోవచ్చు. కాపీ చేసేటప్పుడు ముందు కస్టమర్ల ఫైళ్ళు, ఆ తర్వాత మిగతావి. ఒక ఫోల్డర్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి ముందుకు వెళ్ళండి, చివర్లో మళ్ళీ చూడొచ్చు.

సీ7 సంగతి వేరు. అది డిస్కుకూ బోర్డుకూ మధ్య డేటా చెడిపోయి మళ్ళీ పంపిన లెక్క, అంటే కేబులు. శాటా కేబులు కొత్తది వేయండి, లాచ్ ఉన్నది. బోర్డు మీద వేరే పోర్టుకు మార్చండి. 340 అన్నది మళ్ళీ సున్నా కాదు, జీవితాంతం ఉంటుంది. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఆగినా సరే, సీ5 ఎనిమిది ఉన్న డిస్క్‌లో కస్టమర్ల పని పెట్టకండి.

వోల్ట్‌మీటర్

రెండో హార్డ్ డిస్క్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పవర్ ప్లాన్‌లో హార్డ్ డిస్క్ కొంతసేపటికి ఆగిపోవాలన్న సెట్టింగు ఉంటుంది, బ్యాలెన్స్‌డ్‌లో మామూలుగా 20 నిమిషాలు. ఆగిన డిస్క్ మళ్ళీ తిరగడానికి అయిదు నుంచి పది సెకన్లు పడుతుంది, అంతసేపూ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుంటుంది. డిస్క్ గుర్రుమని లేచిన చప్పుడు వినిపిస్తే అదే. ఆ సెట్టింగును సున్నా చేస్తే నెవర్ అవుతుంది.

ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉండి 129లు వస్తుంటే హై పెర్ఫార్మెన్స్ ప్లాన్‌కు మార్చి చూడండి. శాటా లింకును నిద్రపుచ్చే పద్ధతి కొన్ని పాత ఎస్ఎస్‌డీలకు పడదు. ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఉందేమో కూడా చూడాలి. క్రూషియల్ ఎం4 అనే ఎస్ఎస్‌డీలో 5184 గంటలు పూర్తయ్యాక గంటగంటకూ స్పందన ఆగిపోయే లోపం ఉండేది. 2012లో 0309 ఫర్మ్‌వేర్‌తో కంపెనీయే సరిచేసింది. అప్పట్లో జనం బోర్డులు మార్చుకున్నారు ఆ సంగతి తెలియక.

డాలస్‌డెస్క్

ఇది చదివే ఇంటెల్ వాళ్ళకు ఒక ముక్క. 13, 14 జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో, ముఖ్యంగా ఐ7, ఐ9లలో, వోల్టేజీ మోతాదు మించి ప్రాసెసర్ అరిగిపోయే సమస్య ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చారు, రెండూ బయోస్ అప్‌డేట్‌తోనే వస్తాయి. గేమ్ తెరిచేటప్పుడు షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారవుతుండగా పడిపోవడం, వీడియో మెమరీ సరిపడా ఉన్నా చాలలేదన్న సందేశం రావడం, పెద్ద జిప్ ఫైళ్ళు విప్పుతుంటే ఎర్రర్ రావడం దీని గుర్తులు. అప్‌డేట్ ఇకముందు అరుగుదలను ఆపుతుందే గానీ, ఇప్పటికే పాడైన ప్రాసెసర్‌ను బాగుచేయదు. బాక్స్‌డ్ ప్రాసెసర్లకు వారంటీ మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు, కాబట్టి కొత్తది కొనేముందు అడగండి. అప్‌డేట్ తర్వాత బయోస్‌లో ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రొఫైల్ ఎంచుకోండి.

గోదారిగట్టు

ఫలితాలు ఇవిగో. రెండు ర్యామ్‌లూ 3200 దగ్గర: రెండో పాస్‌లోనే ఎర్రర్లు మొదలయ్యాయి. విడివిడిగా రెండూ శుభ్రం. 2933 దగ్గర కలిపి నాలుగు పాస్‌లూ శుభ్రం. సరే అయిపోయిందనుకుంటే, మర్నాడు పీడీఎఫ్ చదువుతుండగా మళ్ళీ ఆగింది. లచ్చి గారు చెప్పినట్టు రెండు డిస్కులూ పీకి ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో వదిలేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గడియారం ఆగిపోయి ఉంది.

లైనక్స్‌లచ్చి

అంటే విండోస్ కాదు, డిస్కులు కావు. ర్యామ్ ఎర్రర్లు నిజమే, ఆ 2933 అలాగే ఉంచండి, లేకపోతే ఫైళ్ళు నిశ్శబ్దంగా చెడిపోతాయి. కానీ ఈ హ్యాంగ్‌కు కారణం వేరే ఉంది.

ఓరుగల్లు_హార్డ్‌వేర్

రైజెన్ 3600, పని లేనప్పుడే ఆగుడు, గేమ్‌ల ఆగకపోవుడు. ఇది నాకు బాగ తెలిసిన కథ. బయోస్‌ల అడ్వాన్స్‌డ్, దాంట్ల ఏఎండీ సీబీఎస్, దాంట్ల సీపీయూ కామన్ ఆప్షన్స్. కొన్ని బోర్డులల్ల జెన్ కామన్ ఆప్షన్స్ అని ఉంటది. గక్కడ పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని దొరుకుతది. ఆటోల ఉంటే టిపికల్ కరెంట్ ఐడిల్ చెయ్యున్రి. ఎఫ్10 కొట్టి సేవ్. వేరే ఏది ముట్టొద్దు.

దొరకకపోతే బయోస్ పాతదన్నట్టు, కొత్తది ఎక్కించినంక సూడున్రి. బయోస్ ఎక్కించేటప్పుడు యూపీఎస్ బ్యాటరీ మంచిగున్నదా ముందు సూసుకోవాలె, మధ్యల కరెంటు పోతే బోర్డే పోతది.

టంకం

ఓరుగల్లు గారు సరిగ్గా పట్టుకున్నారు. ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు పనికొస్తుంది.

పని లేనప్పుడు ప్రాసెసర్ కోర్లు సీ6 (డిస్క్ లెక్కల్లోని సీ6 కాదు) అనే లోతైన నిద్రలోకి జారుకుంటాయి. అన్ని కోర్లూ ఒకేసారి నిద్రపోతే 12 వోల్టుల లైను మీద ప్రాసెసర్ లోడు దాదాపు సున్నాకు పడిపోతుంది. పాత డిజైన్ ఎస్‌ఎంపీఎస్‌లు అంత తక్కువ లోడు దగ్గర వోల్టేజీని నిలకడగా ఉంచలేవు. మళ్ళీ కోర్లు లేచే క్షణంలో కుదుపు వస్తుంది, ప్రాసెసర్ లేవలేక అక్కడే ఆగిపోతుంది. ఆగిపోయిన ప్రాసెసర్ ఎర్రర్ ఎలా రాస్తుంది? అందుకే మీకు ఈవెంట్ వ్యూయర్‌లో ఏమీ కనిపించలేదు. గేమ్ ఆడేటప్పుడు కోర్లు నిద్రపోవు, అందుకే అప్పుడు రాలేదు.

ఇది రైజెన్‌తో మొదలైంది కూడా కాదు. 2013లో ఇంటెల్ హాస్‌వెల్ వచ్చినప్పుడు ఇదే గొడవ. నిద్రలో 0.05 ఆంపియర్ దాకా దిగుతుంది, చాలా ఎస్‌ఎంపీఎస్‌లు 0.5 ఆంపియర్‌కు తక్కువ లోడు ఊహించి చేసినవి కావు. అప్పటినుంచే డబ్బాల మీద హాస్‌వెల్ రెడీ అని రాయడం మొదలైంది.

టిపికల్ కరెంట్ ఐడిల్ పెడితే ఆ చివరి లోతుకు వెళ్ళకుండా ఆపుతుంది. కరెంటు ఖర్చు కొద్ది వాట్లు పెరుగుతుంది, బిల్లులో కనిపించదు. అదే మెనూలో గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్ ఉంటుంది. దాన్ని డిసేబుల్ చేయమని కొందరు చెబుతారు. అది పెద్ద గొడ్డలి. నిద్ర స్థితులన్నీ పోతాయి, బూస్ట్ కూడా తగ్గవచ్చు. మొదటిది పనిచేయకపోతేనే దాని దగ్గరికి వెళ్ళండి.

పాలమూరు99

మరి ఎస్‌ఎంపీఎస్ మార్చుడు కాదా అన్నా అసలు మందు? సెట్టింగు పెట్టి నెట్టుకొచ్చుడు ఎందుకు?

వోల్ట్‌మీటర్

మంచి ప్రశ్న తమ్ముడూ. సెట్టింగుతో ఆగడం మానేస్తే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద బలపడినట్టే. మల్టీమీటర్‌తో కొంత చూడొచ్చు. ఖాళీగా ఉన్న మోలెక్స్ (నాలుగు పిన్నుల పవర్ ప్లగ్) కనెక్టర్‌లో పసుపు తీగకూ నలుపు తీగకూ మధ్య 11.40 నుంచి 12.60 లోపల, ఎరుపుకూ నలుపుకూ మధ్య 4.75 నుంచి 5.25 లోపల ఉండాలి. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, గేమ్ నడుస్తుండగా ఒకసారి చూడండి. రెండింటికీ మధ్య తేడా అర వోల్టు దాటితే ఎస్‌ఎంపీఎస్ ముసలిదైపోయింది. కానీ మీటర్ సగటు చూపిస్తుంది, మిల్లీసెకన్ల కుదుపులు దానికి కనబడవు. మీటర్‌లో బాగుంది కాబట్టి బాగుందని తేల్చేయలేం. బయోస్‌లో, సాఫ్ట్‌వేర్లలో కనిపించే 12 వోల్టుల అంకెను అసలే నమ్మకండి, బోర్డు మీది సెన్సర్లు చాలావాటికి తప్పు చూపిస్తాయి.

మార్చేటప్పుడు వాట్ల అంకె చూసి మోసపోకండి. 3600కి 65 వాట్లు, 1650కి 75 వాట్లు, మిగతావన్నీ కలిపినా 450 బోలెడు. లోపల డీసీ-టు-డీసీ డిజైన్ ఉందా లేదా అన్నదే అడగండి. 5 వోల్టులు, 3.3 వోల్టులు 12 నుంచే తయారవుతాయి దాంట్లో, తక్కువ లోడు దగ్గర తూగదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొనేవాళ్ళయితే క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ తీసుకోవద్దు, విడిగా వారంటీ ఉన్నది అడిగి తీసుకోండి.

గోదారిగట్టు

టిపికల్ కరెంట్ ఐడిల్ పెట్టాను. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో రాత్రంతా వదిలేస్తే పొద్దున గడియారం నడుస్తూనే ఉంది. డిస్కులు తగిలించి విండోస్‌లో వాడుతున్నాను, పీడీఎఫ్‌లు తెరిచి వదిలేసినా ఆగడం లేదు. బోర్డు మార్చే పని తప్పింది. అందరికీ చాలా థ్యాంక్స్.

అక్షరపటం

నాకు కూడా తేలింది. ఫైళ్ళన్నీ వేరే డిస్క్‌లోకి వచ్చేశాయి, రెండు ఫైళ్ళు మాత్రం కాపీ కాలేదు, వాటి పాత ప్రింట్లున్నాయి. కేబులు మార్చాక సీ7 అక్కడే ఆగింది, కానీ కాపీ చేస్తుండగా సీ5 ఎనిమిది నుంచి 24 అయింది. డిస్క్ తీసేశాను. 129లు లేవు.

గోదారిగట్టు

మళ్ళీ వచ్చానండీ. కొన్ని వారాలు ఏమీ లేదు. నిన్నటినుంచి మళ్ళీ అదే తీరు. పీడీఎఫ్ తెరిచి ఉంటే ఆగిపోతోంది. ఏమీ మార్చలేదు, ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. ఎస్‌ఎంపీఎస్ పోయినట్టేనా?

ఓరుగల్లు_హార్డ్‌వేర్

ఆగున్రి, కొనకున్రి. రాత్రి పడుకునేటప్పుడు గోడ దగ్గర స్విచ్ బంద్ చేస్తరా? పొద్దున ఆన్ చేస్తే తేదీ, టైము సరిగ్గ ఉంటున్నయా? బయోస్‌లకు పోయి ఆ ఐడిల్ కంట్రోల్ ఇప్పుడు ఏం చూపిస్తున్నదో, ర్యామ్ వేగం ఎంతున్నదో చూసి చెప్పున్రి.

గోదారిగట్టు

స్విచ్ రోజూ ఆపుతాను. ఇంటర్నెట్ తగిలేదాకా తేదీ తప్పు చూపిస్తోంది, పట్టించుకోలేదు. బయోస్‌లో ఐడిల్ కంట్రోల్ ఆటో అని ఉంది. ర్యామ్ 2666.

ఓరుగల్లు_హార్డ్‌వేర్

సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోయింది. గోడ స్విచ్ బంద్ అయితే బోర్డుకు స్టాండ్‌బై కరెంటు కూడ రాదు, బయోస్ సెట్టింగులు, టైము ఆ గుండ్రటి బ్యాటరీ మీదనే బతుకుతయి. గది పోతే సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కు పోతయి. సీఆర్2032, పేరున్న కంపెనీది కొనున్రి. చేతి గడియారాల దుకాణంల కూడ దొరుకుతది.

కేబులు పీకినంక మార్చాలె. పక్కనున్న చిన్న క్లిప్‌ను గోరుతోటి పక్కకు నొక్కితే బ్యాటరీ తనంతట తనే లేస్తది, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవొద్దు, కింద లైన్లుంటయి. ప్లస్ గుర్తు మీదికుండాలె. మీటరు ఉంటే పాతది కొలిచి చూడున్రి, కొత్తదాంట్ల 3 వోల్టుల పైన ఉంటది.

గోదారిగట్టు

పాతది 2.4 చూపించింది. కొత్తది వేసి, ఐడిల్ కంట్రోల్ టిపికల్, ర్యామ్ ఎక్స్ఎంపీతో 2933 పెట్టాను. స్విచ్ ఆపి రాత్రంతా ఉంచి పొద్దున చూస్తే తేదీ సరిగ్గా ఉంది, రెండు సెట్టింగులూ అలాగే ఉన్నాయి. ఆ బయోస్ పేజీలు రెండూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను. డీసీ-టు-డీసీ ఉన్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఆర్డర్ పెట్టాను, వచ్చాక ఐడిల్ కంట్రోల్‌ను మళ్ళీ ఆటోకి మార్చి ఉబుంటుతో రాత్రంతా వదిలి చూసి ఇక్కడ రాస్తాను.

టంకం

రాయండి. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాతదాని మాడ్యులర్ (రెండు కొసలా ఊడే) కేబుళ్ళు కొత్తదానికి వాడకండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో తీరుగా ఉంటుంది. ప్లగ్ పడుతుంది, కానీ డిస్కుకు 5 వోల్టులు వెళ్ళాల్సిన చోట 12 వెళ్ళి రెండు డిస్కులూ కాలిపోతాయి. కొత్తదానితో వచ్చిన కేబుళ్ళే వేయండి.